ప్రధానానికీ పెళ్లికీ నడుమ

ఉదయగిరి కొండ కింద, కొయ్య చెంచాలు చెక్కే ఇంట్లో ఒక అమ్మాయి ఉండేది. పదో తరగతి దాకా చదివి, ఆ తర్వాత నాయన పక్కన కూర్చుని ఆకురాయి పట్టింది. నాయన నర్ది కర్రనో బిక్కి కర్రనో బాడిసెతో చెక్కి చెంచా రూపు తెస్తే, ఆమె దాన్ని రాసి రాసి నునుపు తేల్చేది. చెక్కేటప్పుడు ఒక్కోసారి చెంచా గుంటలో వెంట్రుకంత పగులు బయటపడేది. రంపప్పొట్టులో జిగురు కలిపి పగుల్లో కూరి, పైన నాలుగుసార్లు రుద్దితే కొనేవాడికి కనబడదు. నాయన మాత్రం అలాంటి చెంచాను ఇంకో మాట లేకుండా పొయ్యిలో వేసేవాడు.

ఆ ఊరి చుట్టుపక్కల మెట్ట పల్లెల్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్లు తాగి పెరిగిన పిలకాయల పళ్లు పసుపు తిరిగి, వాటి మీద గోధుమరంగు చారలు పడతాయి. గారపళ్లు అంటారు. ఈ అమ్మాయివీ గారపళ్లే. ఇంట్లో, బళ్లో, గుళ్లో అందరి పళ్లూ అలాగే ఉంటే అదొక లోపమని ఎవరికి తడుతుంది? పెళ్లి మాట వచ్చేదాకా ఆమెకూ తట్టలేదు.

సంబంధం ఆత్మకూరు నుంచి వచ్చింది. అబ్బాయి కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే పని చేస్తాడు. ఇటువాళ్లూ అటువాళ్లూ బాప్టిస్టు సంఘంవాళ్లే. నడిమి మనిషి అమ్మాయి తల్లి తరఫున దూరపు చుట్టం, అందరూ పెద్దయ్య అనేవాళ్లు. ఆయన ఉదయగిరిలో ఒక మాట చెప్పాడు: పిల్లోడికి సొంత షాపుంది, రేపోమాపో సోమశిల కాలవ పారబోయే రెండెకరాలున్నాయి. ఆత్మకూరులో ఇంకో మాట చెప్పాడు: పిల్ల బంగారుబొమ్మ, తండ్రికి చేతినిండా పని, వెనక బరువులేవీ లేవు. పెళ్లిచూపుల నాడు గుమ్మంలోకి వచ్చి అమ్మాయి చెవిలో, "నోరు తెరిచి నవ్వబాకమ్మా. అడిగినదానికి తలూపు, చాలు" అన్నాడు. ఆమె తలూపింది. స్టూడియోలో తీయించిన ఫొటోలోనూ పెదాలు బిగించే నిలబడింది.

ప్రధానం అయింది. ఉంగరాలు మార్చుకున్నారు, బైబిళ్లు ఇచ్చిపుచ్చుకున్నారు. ఇంతలో శ్రమదినాలు వచ్చిపడ్డాయి. ఆ నలభై రోజుల్లో పెళ్లి చేయరు కాబట్టి ఈస్టరు దాటాక ముహూర్తం అనుకున్నారు. ఆత్మకూరికీ ఉదయగిరికీ మధ్య దూరం బస్సెక్కితే సగం పూట కూడా కాదు. కానీ ప్రధానమైన పిల్లోడు పిల్ల ఇంటికి ఊరికే వచ్చి పోవడం ఆ రోజుల్లో లేదు. టెలిఫోను వీధికొకటి కూడా లేని కాలం. మిగిలింది ఇన్‌లాండ్ లెటరు.

మొదటి ఉత్తరం ఆత్మకూరు నుంచే వచ్చింది. ముత్యాల్లాంటి దస్తూరి, చంద్రుడూ వెన్నెలా కోయిలా అన్నీ ఉన్నాయి. నీ నవ్వు నన్ను నిద్రపోనివ్వడం లేదని, నీ ముత్యాల పలువరస కళ్లముందే మెరుస్తోందని రాసి ఉంది. అడుగున సంతకం మాత్రం వంకరటింకరగా, వేరే చేతిది. అమ్మాయి ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. రెండోసారి చదువుతుంటే ముఖం వేడెక్కింది. తాను దాచినదాన్ని పట్టుకునే ఆయన పొగుడుతున్నాడు. రేపు పెళ్లయ్యాక ఒక రోజు, అన్నం వడ్డిస్తూ ఏదో మాటకు తను నవ్వుతుంది. అప్పుడాయన ముఖం ఎలా ఉంటుందో ఆమెకు ఇప్పుడే కనబడింది.

కొన్నాళ్లు ఊరుకుని, ఒక రాత్రి అందరూ పడుకున్నాక రాసింది.

"ప్రభువునందు ప్రియులైన మీకు వందనములు. ఇక్కడ మేమందరమూ క్షేమం. మీ క్షేమం తెలియజేయగలరు. ఉత్తరం అందింది. అందులో నా పలువరస గురించి ఉంది. మీరు నా పళ్లు చూడలేదు. నేను చూడనీయలేదు. పెద్దయ్య నవ్వబాకన్నాడు, నేను విన్నాను, కాబట్టి తప్పు నాది కూడా. మా బోరు నీళ్లకు నా పళ్లు గారపట్టి ఉండాయి. తోమితే పోయేవి కావు. ఇంకో సంగతి. మా నాయనకు మోకాళ్లు వంగడం లేదు. రెండు మూడేళ్లలో పని మానుకోక తప్పదు. తమ్ముళ్లు చేతికి అందేదాకా నేను చెక్కిన చెంచాల డబ్బులో కొంత ఇక్కడికి పంపాలని ఉంది. ఇవి తెలిశాక మీకు ఇష్టం లేకపోతే ఉంగరం పంపించేస్తాం. కోపం పెట్టుకోబాకండి. ఇష్టమైతే, ఈసారి ఉత్తరం మీరే రాయండి."

జవాబు రాలేదు. వారం పోయింది, ఇంకో వారం పోయింది. పోస్టుమాను ఇంటి ముందు నుంచి సైకిల్ దిగకుండానే వెళ్లిపోతున్నాడు. సంగతి తల్లికి తెలిసింది. "కొంప ముంచావు గదే" అని తలకొట్టుకుంది. పెద్దయ్య రొప్పుకుంటూ వచ్చాడు. "వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు. నేను ఆడాల్సినవన్నీ ఆడి కుదిరిస్తే, ఈ పిల్ల ఒక్క ఉత్తరంతో కూలదోసిందే!" అని అరుగు మీద కూలబడ్డాడు. అందరూ తండ్రి వైపు చూశారు. ఆయన చేతిలో పని ఆపకుండానే అన్నాడు: "పగులు నా చేతిలో బయటపడితే ఒక కర్రముక్క పోద్ది. కొన్నోళ్ల పులుసులో బయటపడితే వాళ్ల కూడూ పోద్ది, నా పేరూ పోద్ది. పిల్ల తప్పేం జేసిందని?"

ఆత్మకూరులో ఏం జరిగిందో వీళ్లకు తెలియదు. ఉత్తరం అందిన రోజే అబ్బాయి చదివాడు. గారపళ్ల మాట దగ్గర ఒక్క క్షణం ఆగాడు, అంతే. షాపులో తనతో పనిచేసేవాళ్లలో సగంమందికి అవే పళ్లు. "అదేమంత సంగతి, నాకు పట్టింపు లేదు" అని రాద్దామని కాగితం తీశాడు. ఆ ఒక్క వాక్యం రాసి, దాన్నే చూస్తూ ఉండిపోయాడు. అది పంపితే ఆమె తనను దేవుడనుకుంటుంది. ఆ దేవుడికి సొంత షాపు లేదు. పొలం తాకట్టులో ఉంది. ఆమె తన కొరత తాను చెప్పి తలవంచుకుని నిలబడితే, తాను క్షమించినవాడిలా పైన నిలబడి తన కొరతను అలాగే దాచుకోవచ్చు. ఆ వీలు ఎంత హాయిగా ఉందో చూసి అతనికే భయం వేసింది. కాగితం చింపేశాడు. మళ్లీ రాశాడు, మళ్లీ చింపాడు. మూడో వారం చివర ఉదయగిరిలో పోస్టుమాను సైకిల్ దిగాడు.

"వందనాలు. ఈ చేతిరాత నాదే. తప్పులుంటే సర్దుకో. ముందటి ఉత్తరం నా స్నేహితుడి చేత రాయించినా. నీ పళ్ల గురించి నాకేమీ లేదని ఆ రోజే రాసి ఉందును. రాస్తే నేను మంచోణ్ణయిపోయి, నా సంగతి చెప్పకుండా తప్పించుకుని ఉందును. అందుకే ఇన్నాళ్లు పట్టింది. షాపు నాది కాదు. ఓనరు వేరే. నేను కూలికి తీగ చుడతా. ఎండాకాలం మోటార్లు కాలతాయి, అప్పుడు రాత్రులు కూడా పనే. వానలు పడితే నెలకు పది రోజులు కూడా ఉండదు. రెండెకరాలు మా పేరు మీదే ఉండాయి గానీ అక్క పెళ్లికి తాకట్టు పెట్టినాం. ఎనిమిది వేలు అసలు. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ. ఇంటికి పెద్దోణ్ణి నేనే కాబట్టి తీర్చాల్సింది నేనే. మీ నాయనకు డబ్బు పంపేదానికి నా పర్మిషన్ అడగాల్సిన పని లేదు, అది నీ కష్టం. ఇదంతా మీ నాయనకు చదివి వినిపించు. మీరు వద్దంటే న్యాయమే."

ఆమె చదివి వినిపించింది. తల్లి పొలం మాట దగ్గర ఏడ్చింది. తండ్రి మాత్రం "వడ్డీ ఎంతన్నాడూ?" అని మళ్లీ అడిగాడు. అది అడిగాడంటే ఒప్పుకున్నట్టే.

ఆ తర్వాత పోయిన ఉత్తరాల్లో వెన్నెలా కోయిలా లేవు. పెళ్లికి ఎంతమందిని పిలవాలి, ఎవరి దగ్గరా కొత్తగా అప్పు చేయకుండా ఎట్టా జరపాలి, ఆత్మకూరులో గది అద్దె ఎంత, ఆ గది ముందు బాడిసె ఆడించేంత అరుగుందా, కర్ర ఉదయగిరి నుంచి బస్సు టాపు మీద వేయిస్తే కండక్టరు ఎంత తీసుకుంటాడు, ఇవే. ఒక ఉత్తరంలో అబ్బాయి తనకు కోపమొస్తే రెండు రోజులు మాట్లాడడని రాశాడు. తనకు రెండు రోజులు మాట్లాడకుండా ఉండటం చేతకాదని ఆమె రాసింది.

ఈస్టరు దాటాక మూడు ఆదివారాలు రెండు ఊళ్ల గుళ్లలోనూ పాస్టరుగారు పెళ్లి ప్రకటన చదివారు. ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలపమని అడిగిన ప్రతిసారీ వెనక బెంచీలో పెద్దయ్య కండువాతో మెడ తుడుచుకున్నాడు. ఎవరూ లేవలేదు. లేచి చెప్పడానికి ఎవరి దగ్గరా కొత్త సంగతేమీ మిగల్లేదు. పెళ్లయింది. పొలం విడిపించుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. కానీ ఆ ఏళ్లలో ఏ ఒక్క రోజూ ఒకరు ఇంకొకరిని "నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అని అడగాల్సి రాలేదు.

ఇక నీతి.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్న సామెతను మనం పెళ్లిపందిట్లో నవ్వుకుంటూ వాడతాం. నాకది నవ్వుకునే మాటగా తోచదు. ఆ వెయ్యీ ఆడేది నడిమి మనిషి, వాటిని ఏళ్ల తరబడి మోసేది పిల్లా పిల్లోడూ. నడిమి మనిషి భోజనం చేసి తాంబూలం పుచ్చుకుని వెళ్లిపోతాడు. ప్రధానానికీ పెళ్లికీ మధ్య దొరికే ఆ కొద్ది నెలలు, నడిమి మనిషి లేకుండా ఆ ఇద్దరే మాట్లాడుకోగల ఒకే ఒక్క సందు. ఆ సందును పొగడ్తలతో నింపేస్తే పోయిన అవకాశం తిరిగి రాదు. అప్పుడు చెప్పిన నిజం ఒక కబురు, పెళ్లయ్యాక బయటపడ్డ అదే నిజం ఒక నేరం. విషయం ఒకటే అయినా చెప్పిన వేళను బట్టి దాని బరువు మారిపోతుంది.

ఈ సంగతిని పద్ధతిగా పట్టించుకున్నవాళ్లు క్వేకర్లు. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో జార్జి ఫాక్స్ బోధలతో పుట్టిన క్రైస్తవ సమాజం వాళ్లది. తమను తాము స్నేహితులని పిలుచుకుంటారు. న్యాయస్థానంలో కూడా ప్రమాణం చేయడానికి ఒప్పుకోరు. ఒట్టు పెట్టుకోవద్దన్న యేసు బోధ ఒక కారణం. ఒట్టేసి నిజం చెబుతానంటే ఒట్టు లేనప్పుడు ఇంకేదో చెబుతానని ఒప్పుకున్నట్టే కదా అన్నది రెండోది. పెళ్లాడదలచిన జంట తమ ఉద్దేశాన్ని సంఘపు నెలవారీ సమావేశంలో ముందుగా చెప్పాలి. వీళ్లకు వేరెవరితోనూ ముడి లేదు కదా, దారి నిర్మలంగా ఉందా అని విచారించడానికి సంఘం కొందరిని నియమిస్తుంది. అది తేలాకే పెళ్లి. పాస్టరు ఉండడు. మౌన ప్రార్థన మధ్యలో ఇద్దరూ లేచి ఒకరికొకరు మాట ఇచ్చుకుంటారు, వచ్చినవాళ్లంతా సాక్షులుగా సంతకాలు పెడతారు. 1669లో ఫాక్స్ తాను పెళ్లాడినప్పుడు, వధువు మార్గరెట్ ఫెల్ ఆస్తిలో తనకేమీ వద్దని తేల్చి, ఆమె పిల్లలకు అన్యాయం జరగడం లేదు కదా అని ముందే అడిగి తెలుసుకున్నాడు.

ఉత్తరాల సంగతికొస్తే నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ ఏంజెలీనా గ్రిమ్కే, థియొడోర్ వెల్డ్ అనే అమెరికన్లది. ఆమె చార్లెస్టన్‌లో బానిసలున్న సంపన్న కుటుంబంలో పుట్టి, ఆ బతుకును అసహ్యించుకుని ఫిలడెల్ఫియా చేరి క్వేకరైంది. ఆయన క్వేకరు కాడు, కానీ బానిసత్వం మీద పోరులో ఆమెకు సహచరుడు. 1838 ఫిబ్రవరిలో ఒక ఉత్తరంలో ఆయన తన మనసు బయటపెట్టాడు. అదే నెలలో ఆమె మసాచుసెట్స్ శాసనసభ కమిటీ ముందు నిలబడి బానిసత్వానికి వ్యతిరేకంగా మాట్లాడింది, అమెరికాలో అప్పటిదాకా ఏ స్త్రీకీ రాని అవకాశం అది. ఆ వసంతమంతా వాళ్లు రాసుకున్న ఉత్తరాల్లో ప్రేమతో పాటు తప్పుల జాబితాలున్నాయి. నాకు గర్వం ఉంది, స్వార్థం ఉంది, ఎదురు చెబితే ఓర్చుకోలేను అంటూ వెల్డ్ తనను తానే విప్పి పెట్టాడు. అంత పెద్ద ఉద్యమకారుడు తన పెంకితనాన్ని కాగితం మీద పెట్టి కాబోయే భార్యకు పంపడం మామూలు సంగతి కాదు. మే 14న ఫిలడెల్ఫియాలో పెళ్లి. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి కూర్చున్న పెళ్లి. భర్తకు లోబడి ఉంటాననే మాట ఆమె అనలేదు. భార్య ఆస్తి మీద చట్టం భర్తకిచ్చిన హక్కును ఆయన అందరి ముందూ వదులుకున్నాడు. మూడు రోజులకే, బానిసత్వ వ్యతిరేకులు కట్టుకున్న పెన్సిల్వేనియా హాలును అల్లరిమూక తగలబెట్టింది. సంఘం బయటివాణ్ణి పెళ్లాడినందుకు క్వేకర్లు ఏంజెలీనాను వెలివేశారు. నిజాయితీని అంతగా కోరిన సంఘమే అంత నిజాయితీగా కుదిరిన పెళ్లిని కాదనడం నాకు బాధ కలిగించే సంగతి.

మన దగ్గర క్వేకర్ల ఊసు లేదు. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో కేంద్రం పెట్టి, తర్వాత ఉదయగిరి, ఆత్మకూరుల దాకా వచ్చారు. బళ్లు పెట్టారు. ఆడపిల్ల తన ఉత్తరం తానే రాసుకోగలగడం వెనక ఆ బళ్లూ, తర్వాత వచ్చిన సర్కారు బళ్లూ ఉన్నాయి. గుళ్లో మూడు ఆదివారాలు అభ్యంతరాలు అడిగే ఆచారమూ మంచిదే. కానీ ఆ ప్రశ్న అడిగేది ఊరిని. ఊరికి తెలిసింది కొంతే. అసలు జవాబు తెలిసిన ఇద్దరూ ఆ సమయానికి ముందు బెంచీలో తలవంచుకుని కూర్చుంటారు. వాళ్లు ఆ జవాబును అంతకు ముందే ఒకరికొకరు చెప్పుకుని ఉండాలి.

ఇంతవరకూ ఎవరైనా ఒప్పుకుంటారు. నేను పట్టుబట్టేది ఇంకొకటి ఉంది: ముందు ఎవరు చెప్పాలి?

మన కథలో అమ్మాయి ముందు చెప్పింది. ఆమె ధైర్యానికి చేతులెత్తి మొక్కుతాను. అయితే ఆ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసినప్పుడు ఆమె పణంగా పెట్టింది ఎంతో ఆలోచించండి. సంబంధం తప్పితే అబ్బాయికి ఆరు నెలల్లో ఇంకోటి వస్తుంది. ప్రధానం చెడిన పిల్ల అనే మాట మాత్రం ఉదయగిరి నుంచి వింజమూరు దాకా ఆమె వెంట నడుస్తుంది. పైగా ఆమె చెప్పిన కొరత ఆమె చేసింది కాదు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం పెట్టుకుని, అది దాటిన నీళ్లను పిలకాయల చేత ఏళ్ల తరబడి తాగించింది మనం. ఆమె నోట్లో కనబడేది మన నిర్లక్ష్యం. అబ్బాయి దాచింది అలాంటిది కాదు. అప్పు, తాకట్టు, పరాయి షాపు, ఇవన్నీ ఆమె రేపు తినే అన్నానికి సంబంధించినవి. ఎక్కువ పోగొట్టుకునే మనిషి ముందు మాట్లాడింది. తక్కువ పోగొట్టుకునేవాడు మూడు వారాలు కాగితాలు చింపుతూ కూర్చున్నాడు. చివరికి నిజం రాశాడు, సంతోషం. కానీ ఆ చంద్రుడూ వెన్నెలా ఉన్న మొదటి ఇన్‌లాండ్ లెటరులోనే అతను ఆ ఎనిమిది వేల అప్పు మాట రాసి ఉండాల్సింది. అప్పుడు ఆమె రాయబోయే నిజానికి చోటు దొరికేది, మూడు వారాల పాటు ఆ ఇంట్లో కుంపటి రగిలేది కాదు. వెల్డ్ మొదటి అడుగు తాను వేశాడు, అందుకే ఆయన మాట ఇంతసేపు ఎత్తుకున్నాను.

ఇవాళ అదే మెట్ట ప్రాంతం నుంచి కువైట్‌కు పనికి పోయిన కుర్రాళ్లకు ఇక్కడ సంబంధాలు కుదురుతున్నాయి. ప్రధానమయ్యాక రాత్రి పొద్దుపోయేదాకా వీడియోలో మాట్లాడుకుంటారు. ఇన్‌లాండ్ లెటరులో మూడు మడతల చోటే ఉండేది, వీళ్లకు గంటలు గంటలున్నాయి. ఆ గంటల్లో మొదటివి కుర్రాడు ఇలా వాడుకోవాలని నా కోరిక. వీసా ఎన్నేళ్లు, ఏ పని మీద. నెలకు చేతికొచ్చేదెంత. ఏజెంటుకు కట్టిన డబ్బు ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి తెచ్చాడు. ఇంట్లో ఎవరి చదువు, ఎవరి మందులు తన మీద ఉన్నాయి. తాను ఏ జబ్బుకు మాత్రలు వేసుకుంటున్నాడు. పెళ్లయ్యాక ఆమెను వెంట తీసుకుపోగలడా, లేక రెండేళ్లకోసారి వచ్చిపోతాడా. ఇవన్నీ ఆమె అడగకముందే, ఆమె నాయన కూడా వినేటట్టు చెప్పాలి.